లోపల పిడి లేని తలుపు

మా మొదటి బండి వెనక తలుపుకి లోపల పిడి లేదు. ఈ సంగతి కొనకముందే తెలిసుంటే గొడవపెట్టి ఆపేసేదాన్నని చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే అది అబద్ధమే అనిపిస్తోంది. నేను గొడవపెట్టే రకం కాదు. లోపల లోపల పోట్లాడుకుని, పైకి సరే అనే రకం.

తొంభైల మధ్యలో కొన్నాం దాన్ని. మా ఆయనది స్టీల్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం. ఒక వారం పొద్దున్నే వెళ్తే ఇంకో వారం మధ్యాహ్నం, ఆ పై వారం రాత్రి. గాజువాకలో ఇల్లు. అత్త మాతోనే ఉండేది. మా ఆయన అక్కా, ఆవిడ భర్తా రెండు వీధుల అవతల ఉండేవారు. ఆవిణ్ని నేను వదినా అని, ఆయన్ని అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఏ పెళ్లికి బయల్దేరినా, ఏ చావుకి బయల్దేరినా రెండు ఆటోలు మాట్లాడాలి. ఒకటి ముందు చేరాలి, రెండోది ఎక్కడో ఆగిపోవాలి, చేరినవాళ్ల మీద చేరనివాళ్లు అలగాలి. ఇది చూసీ చూసీ మా ఆయన పట్టుబట్టాడు.

"ఒక్క బండిలో అందరం ఎక్కీయాల. అంతే" అన్నాడు.

ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రీ ఒకాయన ఎవరో వాడి అమ్ముతున్న బండి చూపించాడు. తెల్లది. మూడు వరసలు. ముందు ఇద్దరు, మధ్యలో నలుగురు, వెనక ఎదురెదురుగా రెండు బల్లలు. ఆ బల్లల మీద ఇద్దరేసి కూర్చోవాలని కంపెనీవాడి ఉద్దేశం. మా ఇంట్లో మాత్రం ఒక బల్ల సామానుది, ఇంకో బల్ల నాది. నాతోపాటు మా అబ్బాయి. డోకొచ్చిన పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్లనీ వెనక్కే పంపేవాళ్లు.

ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. భోజనాల పంక్తిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరైనా చెప్తారా? తోలేది మా ఆయన. పక్కన ముందు సీట్లో అన్నయ్య, ఎందుకంటే ఆయన ఇంటి అల్లుడు. మధ్య వరసలో ఎడమ కిటికీ దగ్గర అత్త, ఎందుకంటే ఆవిడకి గాలాడకపోతే కడుపులో తిప్పుతుంది. కుడి కిటికీ వదినది, ఎందుకంటే ఆవిడ ఇంటి ఆడపడుచు. వాళ్ల మధ్యలో వదిన పిల్లలిద్దరు. ఇక మిగిలింది వెనక. మిగిలింది నేను. లెక్క సరిపోయింది.

కొన్న మర్నాడే సింహాచలం కొండ కిందికి తీసుకెళ్లాం, పూజ చేయించడానికి. నా ఒళ్లో గుమ్మడికాయ, కాళ్ల దగ్గర కొబ్బరికాయల సంచి. బండి ఆగింది. అందరూ దిగారు. ముందు తలుపులు పడిన చప్పుడు విన్నాను. నేను కూడా దిగుదామని తలుపు తడిమాను. నున్నటి రేకు. పైన తడిమాను, కింద తడిమాను, పక్కన తడిమాను. అద్దంలోంచి చూస్తే నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్నారు. పూజారి మంత్రం మొదలుపెట్టాడు. గుమ్మడికాయ ఏదని ఎవరో అడిగాక గానీ నేను ఎవరికీ గుర్తు రాలేదు. నిజానికి అప్పుడు గుర్తొచ్చింది కూడా గుమ్మడికాయే.

మా ఆయన వచ్చి తలుపు తీశాడు.

"తట్టొచ్చు గదేటే."

"తట్టేను."

"గట్టిగా తట్టాల."

అదే మా బండికి శాసనం అయింది. వెనకున్నవాళ్లు గట్టిగా తట్టాలి. బయటున్నవాళ్లు వినాలని మాత్రం ఎవరూ అనలేదు.

విశాఖపట్నాన్ని నేను పదకొండేళ్లు పక్కకి తిరిగి చూశాను. ముందుకి వెళ్తున్న బండిలో పక్కకి తిరిగి కూర్చుంటే ఏదీ రావడం కనపడదు, పోవడమే కనపడుతుంది. కంచరపాలెం రావడం చూడలేదు. మద్దిలపాలెం డిపోలోంచి బస్సు ఎదురుగా వస్తే మా ఆయన బ్రేకు వేసేవాడు, ఎందుకు వేశాడో తెలియకుండా నేను సామాను మీద పడేదాన్ని. బీచిరోడ్డు మీద రుషికొండ దాకా వెళ్లినప్పుడల్లా వెళ్లేటప్పుడు సముద్రం నా వీపు వెనక ఉండేది, ఎదురుగా కొండ. తిరిగొచ్చేటప్పుడైనా కనపడాలి కదా, అప్పుడు ఎదురు బల్ల మీద పెట్టిన సామాను అద్దానికి అడ్డం. ముందునుంచి అన్నయ్య, "అబ్బ, కెరటాలు సూడండి ఎలా ఎగుర్తన్నాయో" అనేవాడు. నేను టిఫిన్ క్యారేజీ వైపు చూసేదాన్ని.

బల్ల కింద చక్రం. రోడ్డు మీద ఎంత గొయ్యి ఉందో ముందుసీటువాళ్లకి సగమే తెలుస్తుంది, మిగతా సగం వెనక తెలుస్తుంది. నడుం నొప్పి అప్పుడే పట్టుకుంది నాకు. డాక్టరు నీళ్ల బిందెలు ఎత్తొద్దన్నాడు. నేను ఎత్తడం మానేశాను. నొప్పి మానలేదు.

బండి గురించి ఎవరు అడిగినా మా ఆయన గొప్పగా చెప్పేవాడు. పొద్దున్నే తాళం తిప్పి, చిన్న ఎర్రదీపం ఆరేదాకా ఆగి, అప్పుడు మొదలెడితే ఒక్క దెబ్బకి అందుకుంటుందని. ఎంత లోడు వేసినా కిక్కురుమనదని. ఆ లోడులో నేనూ ఉన్నాను కాబట్టి నన్నూ మెచ్చుకున్నట్టే అనుకునేదాన్ని. నిజమే, బండి పాపం మంచిదే. దాని మీద నాకు కోపం లేదు. వీధిలో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరి పెళ్లివారు దిగినా అదే వెళ్లేది. షిఫ్టు నుంచి వచ్చి రెండు ముద్దలు తినేలోపు గేటు దగ్గర ఎవరో ఒకరు "బావా, బండి ఉందేటి?" అంటూ నిలబడేవారు. మా ఆయన చేయి కడుక్కుని లేచేవాడు. ఎవరింటికో వెళ్లి వచ్చిన బండిని కడిగేది నేను.

ఒకసారి క్లచ్చు పనికి ఆటోనగర్ వెళ్తూ ఉంటే నేనూ వెళ్లాను. మేస్త్రీని నేనే అడిగాను, వెనక తలుపుకి లోపల పిడి పెట్టడం కుదురుతుందా అని.

"అరగంట పనమ్మా" అన్నాడాయన. మా ఆయన వైపు తిరిగి, "లోపల రాడ్డుకి తీగ కట్టీసి పిడి బిగించీడమే బావా" అన్నాడు.

"వద్దు. బండి ఎల్తండగా గుంటడు తీసీసేడంటే రోడ్డు మీద పడతాడు" అన్నాడు మా ఆయన.

మాట నిజమే. మా అబ్బాయి తీసే రకమే. మా అబ్బాయి పెద్దవాడై వెనక కూర్చోవడం మానేశాక కూడా ఆ మాట అలాగే ఉండిపోయింది.

పిడి లేకపోవడం వల్ల మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. దాని గురించి చెప్పాలి, లేకపోతే ఆనందపురంలో జరిగింది ఎవరికీ అర్థం కాదు. ఆ తలుపు బయటినుంచి వేస్తే తప్ప పడదు, బయటినుంచి తీస్తే తప్ప రాదు. బరువైన తలుపు, దాని మీద స్టెప్నీ చక్రం కూడాను. అది పడితే దబ్బుమని బండంతా అదిరేది. ఆ దబ్బు వినిపించిందంటే నేను ఎక్కేశానని అర్థం. మా ఆయన అద్దంలో చూసేవాడు కాదు, వెనక్కి తిరిగి అడిగేవాడు కాదు. దబ్బు విని గేరు వేసేవాడు.

మా ఆయన చెల్లెలు విజయనగరం అవతల ఒక ఊళ్లో ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి పుట్టింటివాళ్లుగా మేం బట్టలు పెట్టాలి. ఆవిడ అన్నా వదినా, అంటే మా ఆయనా నేనూ కలిసి పళ్లెం పట్టుకుని, పీటల మీద కూర్చున్న దంపతులకి అందించాలి. అది మా వైపు ముఖ్యమైన తంతు. నెల రోజుల నుంచీ అత్త ఆ మాటే. చీర నేనే ఎంచాను. పెద్ద గుండిగ, దాంట్లో చిన్న గిన్నెలు, పళ్లేలు, అన్నీ నా ఎదురు బల్ల మీద. మా అబ్బాయికి పరీక్షలు, ఇంట్లో ఉండిపోయాడు. వెనక నేనూ గుండిగా, అంతే.

పొద్దున్నే బయల్దేరాం. ఆనందపురం పూలబజారు దగ్గర టీకి ఆగారు. మా ఆయన వచ్చి వెనక తలుపు తీసి, అన్నయ్యతో కలిసి రోడ్డు అవతలికి వెళ్లాడు. నేను దిగి నడుం సాగదీసుకున్నాను. అత్త కిటికీలోంచి నోటు చేతిలో పెట్టింది.

"ఓలే, కనకాంబరాలు నాలుగు మూర్లు అట్టుకురా. సిన్నదానింటికి ఒట్టి సేతుల్తో ఎల్తామేటి."

బండిలో కాలు పెట్టే చోటు లేకుండా సామాను ఉంది. ఒట్టి చేతులంటే అవే కాబోలు. సరే అని వెళ్లాను. పూలమ్మే ఆవిడ మూర వేసి చూపించింది. మూర చిన్నదైందని నేను అన్నాను, నా చెయ్యి ఇంతేనని ఆవిడ అంది. మళ్లీ వేయించాను. ఆకులో చుట్టించుకుని వెనక్కి తిరిగాను. బండి ఉన్నచోట ఒక ఆవు నిలబడి రాలిన ఆకులు తింటోంది.

పక్కకి తీసి పెట్టారేమో అనుకున్నాను. అటూ ఇటూ నడిచాను.

"ఎల్లిపోనాదమ్మా నీ బండి" అంది పూలావిడ.

"మా బండి కాదేమో."

"నువ్వు దిగింది అదే గదా, తెల్లబండి. ఎనక తలుపు ఆ బాబే ఏసినాడు. సూసేను."

అప్పుడు అర్థమైంది. టీ తాగి వచ్చాడు, తలుపు తెరిచి ఉంది, వేశాడు. దబ్బుమంది. గేరు వేశాడు. అత్త కడుపులో తిప్పకుండా మాత్ర వేసుకుంది, పూలకి నన్ను పంపిన మరుక్షణం కునుకు తీసి ఉంటుంది. వదిన పిల్లల గొడవలో ఉంటుంది.

"ఎంతమంది ఉన్నారు బండిలో?" అని అడిగింది పూలావిడ.

"ఆరుగురు."

"ఆరుగురిలో ఒక్కులికీ తెలీనేదేటి?"

వస్తార్లే అన్నాను. తగరపువలస దాటకముందే ఎవరికో ఒకరికి దాహం వేస్తుంది, నీళ్ల సీసా నా దగ్గరే ఉంటుంది, అడుగుతారు, పలకను, వెనక్కి తిరుగుతారు. ఇలా లెక్క వేసుకున్నాను. పావుగంట. అరగంట. ఎండ నెత్తి మీదికి వచ్చింది. పూలావిడ గోనెసంచి పరిచి కూర్చోమంది. ఊరికే కూర్చోలేక ఆవిడ గుట్టలోంచి చామంతులు తీసి కట్టడం మొదలుపెట్టాను. మొదట్లో ఎవరైనా చూస్తారేమోనని సిగ్గేసింది. తర్వాత వేయలేదు. రెండు దండలు అయ్యాయి, మూడు అయ్యాయి. ఆవిడ టీ ఇప్పించింది. నా దండల్లో ఒకటి బేరానికి పోయింది కూడా. ఆ రోజు నన్ను నన్నుగా చూసి మాట్లాడిన మనిషి ఆవిడ ఒక్కతే.

రెండున్నర గంటలు ఉన్నాను అక్కడ. ఆ రెండున్నర గంటల్లో అవతల ఏం జరిగిందో తర్వాత తెలిసింది. దారిలో ఎవరికీ దాహం వేయలేదు. ఊరు చేరారు. ఆడపడుచు ఇంటి కుర్రాళ్లు ఎదురొచ్చి వెనక తలుపు తీసి సామాను మోసుకుపోయారు. నేను దిగి ఆడవాళ్లలోకి వెళ్లిపోయానని బయటివాళ్లు అనుకున్నారు. మగవాళ్ల దగ్గర ఏదో పని మీద ఉన్నానని లోపలివాళ్లు అనుకున్నారు. పంతులుగారు పుట్టింటి దంపతులు రండి అని పిలిచాకే మా ఆయన పక్కకి చూశాడట. పళ్లేనికి రెండో వైపు పట్టుకునే చెయ్యి లేదు. ముహూర్తం దాటిపోతుందని అన్నయ్యా వదినా పళ్లెం అందించేశారు. మా ఆయన బండి తీశాడు.

వచ్చాడు. బండి మొత్తం ఖాళీ. ముందు సీటు ఖాళీ, మధ్య వరస ఖాళీ. ముఖం చూస్తే పాపం జాలేసింది, చెమట, కంగారు. గబగబా దిగి వెనక్కి వెళ్లి తలుపు తీసి పట్టుకున్నాడు. నేను ఎక్కాను. దబ్బుమని వేశాడు.

తగరపువలస వంతెన మీదికి వచ్చాక అద్దంలో నన్ను చూశాడు. అన్నేళ్లలో అద్దంలో చూడడం అదే మొదలు.

"ముందుకి రాపోయేవేటి?"

"మీరు ఎనక తలుపు తీసేరు."

గేరు మార్చాడు.

"ఇప్పుడు ఆపితే లేటవుద్ది" అన్నాడు.

నేను గట్టిగా నవ్వేశాను. ఎందుకు నవ్వానో ఆయనకి అర్థం కాలేదు. నవ్వు ఆగాక ఏడుపొచ్చింది, అది ఆయనకి కనపడలేదు, ఎందుకంటే మళ్లీ రోడ్డు వైపు చూస్తున్నాడు. ఆయన మీద కోపం కంటే నా మీద నాకే ఎక్కువ కోపం వచ్చింది. తలుపు తీసింది ఆయనే, కానీ కాళ్లు నావి. ఎక్కింది నేను. ఆ వంతెన మీద ఒక మాట అనుకున్నాను. నాకు కోడలంటూ వస్తే, ఆ పిల్లని ఏ బండిలోనూ ఇలా మర్చిపోనివ్వను. ఇంకేం చేయగలిగినా చేయలేకపోయినా ఇది మాత్రం చేస్తాను. అంత చిన్న కోరిక తీర్చుకోలేనా అనుకున్నాను.

వెళ్లేసరికి భోజనాలు సగం అయ్యాయి. అత్త నన్ను చూసి, "దిగినదానివి సెప్పి దిగొద్దేటే?" అంది. పూలకి పంపింది ఆవిడేనని చెప్పాలనుకున్నాను. ఆకులో పూలు అప్పటికి వడిలిపోయి ఉన్నాయి. అవే ఆవిడ చేతిలో పెట్టాను.

తర్వాత అది మా ఇంటి నవ్వుల కథ అయింది. పెళ్లిళ్లలో, పురుళ్లలో అన్నయ్యే చెప్పేవాడు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మరీ. బండి బయల్దేరే ముందు వెనక్కి తిరిగి, "ఎనక ఉన్నావేటి సెల్లెమ్మా?" అని కేకేసేవాడు. అందరూ నవ్వేవారు. "ఉన్నానన్నియ్యా" అనేదాన్ని. ఎగతాళే అయినా అడిగేవాడు కదా. రెండేళ్లకి ఆ అడగడం కూడా పోయింది. మళ్లీ దబ్బు ఒక్కటే మిగిలింది.

అత్త నీళ్లగదిలో జారిపడినప్పుడు మాత్రం వరస మారింది. తుంటి విరిగింది. మధ్య సీట్లో కూర్చోలేకపోయింది కాబట్టి వెనక బల్లలు మడిచి, పరుపు వేసి, పడుకోబెట్టారు. తల దగ్గర నేను. ఆసుపత్రికి వెళ్లేదారిలో మూలిగింది, కళ్లు మూసుకుంది, తెరిచింది. నా మణికట్టు పట్టుకుంది.

"ఎనక ఇంత ఊపుద్దేటే?"

"ఊపుద్దత్తా."

"ఏనాడూ సెప్పనేదేటి మరి?"

గొయ్యి వస్తోంది గట్టిగా పట్టుకోమన్నాను. పట్టుకుంది. ఇంటికి వచ్చాక ఆవిడ ఏడాదిన్నర బతికింది గానీ మళ్లీ ఆ బండి ఎక్కలేదు. ఎవరైనా ఎక్కుతుంటే మాత్రం వరండాలోంచి, "దాన్ని ముందెక్కించండి" అనేది. దాన్ని అంటే నన్ను. అప్పటికి ఎవరూ ఆవిడ మాట వినడం లేదు.

పదకొండో ఏట బండి అమ్మేశాం. కొన్నది సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చిన మనిషి, వేటకి వెళ్లే కుటుంబం. చేపల బుట్టలు బజారుకి వేసుకోడానికి. బండి చుట్టూ తిరిగాడు, టైర్లు తన్నాడు, వెనక ఎక్కి కూర్చుని తలుపు వేయించుకున్నాడు. లోపలినుంచి తడిమాడు. మా ఆయన తీశాక దిగి, జేబులోంచి వలతాడు ముక్క తీశాడు. తలుపు లోపలి రేకు విప్పి, రాడ్డుకి ముడి వేసి, రేకు సందులోంచి ఉచ్చు బయటికి లాగాడు. మళ్లీ లోపల కూర్చుని తలుపు వేయించుకుని, తాడు లాగాడు. తలుపు తెరుచుకుంది. అంతా మా గేటు ముందే, నేను ఆయనకి మంచినీళ్లు తెచ్చేలోపు.

"లోపలోడు బయటకి రాపోతే ఎలాగమ్మా" అన్నాడు, నీళ్లు తాగుతూ.

మా ఆయన నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. చూసి చేసేదేముంది.

తర్వాతి బండి మా అబ్బాయి కొన్నాడు, రుషికొండ దగ్గర ఆఫీసులో ఉద్యోగం వచ్చి, పెళ్లయ్యాక. అదీ మూడు వరసలదే. ఈసారి వెనక వరస కూడా ముందుకే తిరిగి ఉంటుంది, మెత్తటి సీట్లు, పైన చల్లగాలి గొట్టాలు. "ఎనక కూడా ఏసీ వత్తాదమ్మా" అని తిప్పి తిప్పి చూపించాడు. వెనక వేరే తలుపు నుంచి ఎక్కే పని లేదు. మధ్య తలుపు తీసి, మధ్య సీటు ముందుకి మడిస్తే దారి వస్తుంది. ఆ సీటు మీట తలుపు వైపు, కింద ఉంటుంది. వెనకున్నవాళ్లకి అందదు. అది నేను మొదటి రోజే చూశాను. చూడకుండా ఎలా ఉంటాను.

కోడలికి ఆనందపురం కథ నేనే చెప్పాను, పెళ్లైన వారంలోనే. నవ్వులకథలా కాకుండా జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ పిల్ల నవ్వలేదు. చెప్పినంతసేపూ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నువ్వు ఎప్పుడూ మధ్యలోనే కూర్చోవాలని చెప్పాను. మొదటి ప్రయాణంలో పంతం పట్టి నేనే వెనక వరసలోకి దూరాను. దిగేటప్పుడు మోకాలు ఇరుక్కుపోయింది. మా ఆయనా, కొడుకూ చెరో రెక్కా పట్టి లాగారు. అన్నయ్య నవ్వాడు. రెండో ప్రయాణానికి, నేను నోరు తెరవకముందే కోడలు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది.

"పర్నేదత్తా, నాను ఎక్కీగల్ను."

వద్దన్నాను. నిజంగా వద్దన్నాను. మూడోసారి కూడా అన్నాను. నాలుగోసారి అన్నానో లేదో గుర్తులేదు. మోకాళ్లు నొప్పి, మధ్య సీటు కిటికీ గాలి, ముందు రోడ్డు అంతా కనిపిస్తుంటే ఎంత బాగుంటుందో అప్పుడే తెలిసింది నాకు. ఈ వయసులోనైనా సముద్రాన్ని ఎదురుగా చూస్తున్నానని సంతోషపడ్డాను. సుఖానికి అలవాటు పడడానికి పదకొండేళ్లు పట్టదు.

భీమిలిలో పెళ్లికి వెళ్లి వచ్చాం ఆ రోజు. మే నెల, మధ్యాహ్నం. వదినా అన్నయ్యా వాళ్ల వీధిలో దిగిపోయారు. మధ్య వరసలో నేను ఒక్కదాన్నే మిగిలాను. పక్కన సీటు ఖాళీ అయింది, ముందుకి రమ్మని నేను అనలేదు, ఆ పిల్లా రాలేదు. ఇంకెంత దూరంలే అనుకుని ఉంటాను. అనుకున్నానని కూడా చెప్పలేను.

ఇంటి ముందు ఆగాం. మా ఆయన గేటు తీసి నేరుగా లోపలికి పోయాడు. కొడుక్కి ఆఫీసు నుంచి ఫోను, మాట్లాడుకుంటూ దిగాడు. నేను దిగి తలుపు వేశాను. కొడుకు నడుస్తూనే తాళం మీట నొక్కాడు, బండి రెండుసార్లు కుయ్‌మంది. ఫోను పట్టుకుని వీధి చివరి నీడలోకి వెళ్లిపోయాడు.

నేను కాళ్లు కడుక్కున్నాను. చీర మార్చుకున్నాను. చారుకి చింతపండు నానేసి, కుక్కర్ పెట్టాను. ఒక కూత వచ్చింది. రెండో కూత వచ్చింది. కోడలు మేడమీద బట్టలు మార్చుకుంటోందనుకున్నాను. ఇంతసేపేమిటి, వచ్చి ఒక చెయ్యి వేయొచ్చు కదా అని విసుక్కున్నాను కూడా. మూడో కూతకి పొయ్యి కట్టేసి, కరివేపాకు కోద్దామని గేటు దగ్గరికి వెళ్లాను. చెట్టు బండి పక్కనే.

రెబ్బ తెంపుతూ తలెత్తాను. నల్లద్దం వెనక మూడో వరసలో ఆ పిల్ల కూర్చుని ఉంది. పెళ్లివారిచ్చిన తాంబూలం సంచి ఒళ్లో ఉంది. ముఖం ఎర్రగా కందిపోయింది. నావైపే చూస్తోంది.

తలుపు లాగాను. రాలేదు. కొడుకుని కేకేశాను, వీధంతా వినిపించేలా. పరుగెత్తుకొచ్చాడు. తాళం తీసి, సీటు మడిచాం. వంగి బయటికి వచ్చింది. జాకెట్టు వీపంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. కొడుకు ఏదో అనబోతుంటే, "పర్నేదు" అంది.

ఆ మాట నాదే. ఎన్నిసార్లు అన్నానో నేను.

లోపలికి తీసుకొచ్చి ఫ్యాను కింద కూర్చోబెట్టాను. మంచినీళ్లు ఇచ్చాను. క్షమించమని అడగాలని నోరు తెరిచాను. వేరే మాట వచ్చింది.

"తట్టొచ్చు గదేటే."

అన్నాక నాకే వినిపించింది, అది ఎవరి గొంతో.

ఆ పిల్ల గ్లాసు దించి నా వైపు చూసింది. కోపంగా చూడలేదు. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

"వేరేవోలైతే తట్టీదాన్నత్తా" అంది. "ఆకరికి దిగింది మీరు గదా. మీకు గుర్తుంటాదని తట్నేదు."

గ్లాసు తీసుకుని మళ్లీ నీళ్లు నింపి ఇచ్చాను.